గది కొలవకుండా మైకు కొనొద్దు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: తరగతి గదిలో మాట, బొమ్మ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల నుంచి, విశ్వవిద్యాలయ విభాగాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. సగానికి సగం ఉత్తరాల్లో ప్రశ్న ఒకటే: ఏ కంపెనీది కొనాలి? దానికి ఇక్కడ జవాబు దొరకదు. గది పొడవు, వెడల్పు, ఎత్తు, చివరి బెంచీ ఎంత దూరంలో ఉందో రాసినవారి ఉత్తరాలే ముందు తీసుకున్నాం. ఆ నాలుగు అంకెలు చేతిలో ఉంటే సగం సమస్య టేపుతోనే తేలిపోతుంది.

ప్రశ్న: మా కొత్త బ్లాకులో తరగతి గది 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు. నున్నటి గోడలు, టైల్స్ నేల. 60 మంది విద్యార్థులు. కాలర్ మైకు, రెండు స్పీకర్లు పెట్టాం. వెనక బెంచీల వాళ్లు "వినబడుతోంది గానీ అర్థం కావట్లేదు సార్" అంటున్నారు. వాల్యూమ్ పెంచితే ఇంకా గందరగోళంగా ఉంటోంది. పెద్ద స్పీకర్లు కొనమంటారా?
— డిగ్రీ అధ్యాపకుడు, ఆమదాలవలస

వద్దు. మీ విద్యార్థులు రోగం పేరు సరిగ్గానే చెప్పారు. వినబడటం వేరు, అర్థం కావడం వేరు. మన మాటలో అచ్చులకు బలం ఎక్కువ, హల్లులకు తక్కువ. గోడలు నున్నగా ఉన్న గదిలో ఒక అచ్చు మోత చావకముందే తర్వాతి హల్లు వచ్చి దాని కింద మునిగిపోతుంది. ‘కణం’, ‘గణం’, ‘ఘనం’ అని మీరు మూడు వేరు మాటలు చెప్పినా చివరి బెంచీకి చేరేసరికి అవి ఒకటే మాట. వాల్యూమ్ పెంచితే మాటతో పాటు మోత కూడా అంతే పెరుగుతుంది కాబట్టి ఫలితం ఉండదు.

ఈ సమస్యకు లెక్క పుట్టింది కూడా ఒక విశ్వవిద్యాలయ గదిలోనే. 1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాస గదిలో మాట అర్థం కావడం లేదని, చూడమని వాలెస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన పక్కనున్న థియేటరు నుంచి కుర్చీ దిండ్లు మోయించి, ఆర్గాన్ గొట్టం మోగించి, ఎన్ని దిండ్లు వేస్తే మోత ఎన్ని సెకన్లు తగ్గుతోందో కొలిచాడు. అడుగుల్లో ఆయన సూత్రం ఇది: గది ఘనపరిమాణాన్ని 0.049తో గుణించి, గది పీల్చుకునే మొత్తంతో భాగించాలి. వచ్చేది మోత చావడానికి పట్టే కాలం, సెకన్లలో.

మీ గదికి వేద్దాం. 40 × 30 × 12 అంటే 14,400 ఘనపుటడుగులు. దాన్ని 0.049తో గుణిస్తే సుమారు 705. ఇక పీల్చుకునే లెక్క. నేల 1,200, కప్పు 1,200, నాలుగు గోడలు కలిపి 1,680, మొత్తం 4,080 చదరపు అడుగులు. సిమెంటు పూత, టైల్స్ తమ మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులే పీల్చుకుంటాయి. అంటే 122. చెక్క బెంచీలకు ఇంకో 40 వేసుకుంటే సుమారు 160. 705ని 160తో భాగిస్తే ఖాళీ గదిలో మోత 4.4 సెకన్లు! కూర్చున్న ఒక్కో విద్యార్థి సుమారు 4.5 పీల్చుకుంటాడనుకుంటే 60 మందికి 270. మొత్తం 430 అయింది, మోత 1.6 సెకన్లకు దిగింది. పాఠం స్పష్టంగా వినాలంటే ఇది 0.7, 0.8 మధ్య ఉండాలి. 0.75కు దింపాలంటే మీకు 940 కావాలి. ఉన్నది 430. ఇంకా 510 తేవాలి.

2 అంగుళాల మందం గ్లాస్‌వూల్ లేదా రాక్‌వూల్ పలక తన మీద పడిన శబ్దంలో నూటికి సుమారు 85 వంతులు పీల్చుకుంటుంది. 510ని 0.85తో భాగిస్తే 600 చదరపు అడుగులు. మీ కప్పులో సరిగ్గా సగం. 2 × 4 అడుగుల ఫ్రేములైతే 75.

ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. మొదట వెనక గోడ. మీకు ఎదురుగా ఉన్న ఆ గోడే మాటను తిప్పికొట్టేది. దాని పై సగం, అంటే 30 × 6 అడుగులు నింపితే 180 అయిపోతుంది. మిగిలిన 420 కప్పుకు, 4 అంగుళాల ఖాళీ వదిలి వేలాడదీయండి. ఆ ఖాళీ ఉంటే పలక వెనక వైపు కూడా పనిచేస్తుంది, మంద్ర శబ్దాల్నీ కొంత పడుతుంది. ఫ్యాన్ల చుట్టూ మూడడుగులు వదలండి. ఫ్రేము మీద కప్పే గుడ్డను నోటికి ఆనించి ఊదండి. గాలి అవతలికి పోతే ఆ గుడ్డ పనికొస్తుంది. అందంగా ఉందని రెగ్జిన్ కప్పితే డబ్బు దండగ, హల్లులన్నీ దాని మీద పడి వెనక్కి వచ్చేస్తాయి. గుడ్డ నిప్పంటుకోని రకమే అయ్యుండాలి. గ్లాస్‌వూల్ కోసేవాళ్లకు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి, లేకపోతే ఒళ్లంతా దురద.

కోడిగుడ్ల అట్టలు, థర్మాకోల్ అంటించమని ఎవరైనా చెబితే వినకండి. పెద్దగా పీల్చుకోవు, నిప్పంటుకుంటే మాత్రం క్షణాల్లో గది నిండా పొగ. పీఓపీ ఫాల్స్ సీలింగూ, పీవీసీ పలకలూ కూడా ఇందుకు పనికిరావు, అవి కూడా నున్నటి గోడలే. మినరల్ ఫైబర్ టైల్స్ పనికొస్తాయి గానీ, మన సముద్రపు తేమకు కొన్నాళ్లకు నడుము వంగి కిందికి జారతాయి. 99 శాతం తేమకు తట్టుకునే రకమని డబ్బా మీద ఉంటేనే కొనండి.

డబ్బు వచ్చేలోపు ఒక పని: కిటికీలు తెరవండి. తెరిచిన కిటికీ మీద పడిన శబ్దం తిరిగి రాదు, నూటికి నూరు వంతులూ బయటికే. 4 × 5 అడుగుల కిటికీలు నాలుగు తెరిస్తే ఖర్చు లేకుండా 80 వచ్చినట్టు. జాతీయ రహదారి పక్కన ఉన్న గదులకు ఈ సలహా చెల్లదు, లారీల హారన్లు లోపలికి వస్తాయి.

ప్రశ్న: మా సెమినార్ హాల్లో మైకు ఆన్ చెయ్యడమే తరువాయి, కూత పెట్టేస్తాది. మేడమ్ గారు మాట్లాడతంటే వాల్యూమ్ తగ్గించుకుంటా పోవాల. వేదిక మీద 4 మైకులు, స్పీకర్ బాక్సులు వేదిక వెనక గోడకున్నాయి. ఏటి చెయ్యాల?
— కళాశాల ఎలక్ట్రీషియన్, చీపురుపల్లి

ముందు ఆ బాక్సులు అక్కణ్ణుంచి తియ్యండి. స్పీకరు నోటి ముందు మైకు పెడితే, మైకు విన్నది స్పీకరు చెబుతుంది, స్పీకరు చెప్పింది మళ్లీ మైకు వింటుంది. ఆ చక్రమే కూత. బాక్సులు వేదిక అంచుకన్నా మూడు నాలుగడుగులు ముందుకు, రెండు పక్కలా, 8 అడుగుల ఎత్తున, మూతి జనం వైపు కాస్త కిందికి వంచి బిగించండి. మైకు ఎప్పుడూ స్పీకరు వీపు వైపే ఉండాలి.

తర్వాత మైకులు. తెరిచి ఉన్న మైకులు రెండింతలైన ప్రతిసారీ కూత రావడానికి 3 డెసిబెల్స్ దగ్గరవుతాం. నాలుగు తెరిచి పెడితే 6 పోయినట్టే. మాట్లాడేవారి మైకు ఒక్కటే తెరిచి మిగతావి మూసెయ్యండి. నోటికీ మైకుకీ మధ్య దూరం సగానికి తగ్గిస్తే అదే 6 డెసిబెల్స్ తిరిగి వస్తాయి. పన్నెండు అంగుళాల దూరం నుంచి మాట్లాడేవారిని ఆరు అంగుళాలకు రమ్మని అడగండి, మొహమాటపడొద్దు. కాలర్ మైకు గడ్డం కింద జానెడు దూరంలో, చున్నీ గానీ పైట గానీ రాసుకోని చోట పెట్టాలి. చేతి మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకోనివ్వకండి. జాలీ మూస్తే వెనక నుంచి వచ్చే శబ్దాన్ని ఆపే గుణం పోయి, నాలుగు వైపులా వింటుంది, వెంటనే కూత.

గ్రాఫిక్ ఈక్వలైజర్ (మంద్రం నుంచి తారం దాకా ఒక్కో స్థాయి శబ్దానికి ఒక్కో మీట ఉండే పెట్టె) ఉంటే వాల్యూమ్ నెమ్మదిగా పెంచుతూ కూత మొదలవగానే ఒక్కో మీట పైకి నెట్టి చూడండి. ఏ మీట పెంచితే కూత ఎగబాకుతుందో అది దొంగ. దాన్ని 4, 5 డెసిబెల్స్ తగ్గించండి. ఇలా రెండు మూడు దొంగల్ని పట్టాక ఆపెయ్యండి. పది మీటలు తగ్గిస్తే అది ఇక వాల్యూమ్ తగ్గించడమే.

ఒక్కమాట. కార్డ్‌లెస్ మైకులు కొత్తవి కొనేటప్పుడు ఒకే మోడల్ నాలుగు సెట్లు కొనేస్తుంటారు. ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలు లేని రకమైతే ఒక గదిలో పాఠం పక్క గదిలో వినబడుతుంది. చానల్ మార్చుకునే సెట్లే అడగండి, ఏ గదికి ఏ చానలో మైకు మీదే చీటీ అంటించండి.

ప్రశ్న: ఒకే 120 వాట్ల యాంప్లిఫయర్‌కు 8 ఓముల బాక్సులు ఆరు కలపవచ్చా?
— నరసన్నపేట

ఆరూ పక్కపక్కన కలిపితే 8ని 6తో భాగించినట్టు 1.33 ఓములు. యాంప్లిఫయర్ కనీసం 4 అడుగుతుంది, కాబట్టి అది కాలిపోతుంది. 100 వోల్టుల లైను ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న గోడ స్పీకర్లు తీసుకోండి. ఒక్కోటి 15 వాట్ల ట్యాప్‌లో పెడితే ఆరింటికీ 90. యాంప్లిఫయర్ శక్తిలో 80 శాతం, అంటే 96 దాటలేదు, సరిపోతుంది. వెనక 100 వోల్టుల స్క్రూకి ఇవి బిగించాక 4 ఓముల స్క్రూకి ఇంకో బాక్సు తగిలించొద్దు. రెండిట్లో ఏదో ఒకటే.

ప్రశ్న: 65 అంగుళాల ప్యానెలా, 75 దా, ప్రొజెక్టరా అని మా విభాగంలో పెద్ద చర్చ. గదిలో చివరి బెంచీ బోర్డుకు 36 అడుగులు. పగలు తెర వెలిసిపోయినట్టు కనబడుతుందని కొందరు ప్రొజెక్టరు వద్దంటున్నారు.
— ఇంజనీరింగ్ అధ్యాపకురాలు, రాజాం

చివరి బెంచీ దూరాన్ని 6తో భాగించండి. బొమ్మ ఎత్తు కనీసం అంత ఉంటేనే అక్షరాలు, సమీకరణాల్లోని పై అంకెలు, కింది అంకెలు చదవగలరు. మీకు 36 ÷ 6, అంటే 6 అడుగుల ఎత్తు. 75 అంగుళాల ప్యానెల్ ఎత్తు 3 అడుగుల ఒక అంగుళం. అది 18 అడుగుల దాకానే పనికొస్తుంది. 86 అంగుళాలది మూడున్నర అడుగులు, 21 అడుగుల దాకా. 65 దాని సంగతి చెప్పనక్కర్లేదు. మీ గదిలో ప్యానెల్ పెడితే వెనక సగం మంది తెరను చూస్తారు గానీ చదవలేరు. ముప్పై మంది కూర్చునే ట్యుటోరియల్ గదికి ప్యానెల్ పెట్టండి, బ్రహ్మాండంగా ఉంటుంది. ఇలాంటి పెద్ద గదికి ప్రొజెక్టరే మా సలహా.

ఇక తెర వెలిసిపోవడం. 6 అడుగుల ఎత్తు, 9.6 అడుగుల వెడల్పు తెర అంటే సుమారు 5.35 చదరపు మీటర్లు. ప్రొజెక్టరు వెదజల్లే వెలుగును ల్యూమెన్లలో, చదరపు మీటరు మీద పడే వెలుగును లక్స్‌లో కొలుస్తారు. 4,500 ల్యూమెన్ల ప్రొజెక్టరులో కొన్నాళ్లకు నిజంగా దొరికేది 70 శాతం, అంటే 3,150. తెర మీద సుమారు 590 లక్స్ పడుతుంది. బోర్డు మీది ట్యూబులైట్లు, కిటికీ వెలుగు కలిపి తెర మీద ఇంకో 300 లక్స్ పడుతుంటే తెలుపు, నలుపు కన్నా 3 రెట్లు మాత్రమే మెరుస్తుంది. అందుకే వెలిసిపోయినట్టు ఉంటుంది. పాఠానికి 15 రెట్లు కావాలి. ఆ 300ను 40కి తగ్గిస్తే 15 దాటుతుంది.

దీనికి 10,000 ల్యూమెన్ల ప్రొజెక్టరు అక్కర్లేదు. బోర్డు వైపు ఉన్న వరుస ట్యూబులైట్లకు వేరే స్విచ్ పెట్టించండి. తెరకు దగ్గరగా ఉన్న మొదటి రెండు కిటికీలకు మందపాటి పరదాలు వెయ్యండి. వెనక లైట్లు వెలుగుతూనే ఉంటాయి, విద్యార్థులు నోట్సు రాసుకోవచ్చు. చాలా చోట్ల గది మొత్తానికీ ఒకటే స్విచ్ ఉంటుంది. స్లయిడ్లు చూడాలంటే చీకటి, నోట్సు రాయాలంటే స్లయిడ్లు మాయం. ఒక్క స్విచ్, నాలుగు గజాల తీగ, అరపూట పని దీన్ని తీర్చేస్తుంది. ఎందుకు చేయించరో అర్థం కాదు.

ప్రొజెక్టరు త్రో నిష్పత్తి (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో చెప్పే అంకె) 1.5 అయితే తెర వెడల్పు 9.6ను దానితో గుణించి 14.4 అడుగుల దూరంలో కప్పుకు బిగించాలి. బిగించేముందు దాని కటకం నుంచి తెర పై అంచుకు ఒక పురికొస లాగి చూడండి. దారిలో ఫ్యాను రెక్క తగిలితే పాఠం అంతా రెపరెపలాడుతుంది. ఫ్యాను కొక్కెం జరపడం ముందే తేలిక.

తెలుగులో స్లయిడ్లు చేసేవారికి: ఇంగ్లిష్ అక్షరానికి సరిపోయిన సైజు మన అక్షరానికి సరిపోదు. వత్తు అసలు అక్షరంలో సగమే ఉంటుంది. ‘స్త్రీ’ అని స్లయిడ్‌లో వేసి చివరి బెంచీలో కూర్చోండి. త వత్తు, ర వత్తు విడివిడిగా కనబడితే సైజు చాలు. సాధారణంగా 32 పాయింట్లకు తగ్గకుండా, పంక్తుల మధ్య దూరం 1.3 పెట్టి, స్లయిడ్‌కు ఎనిమిది పంక్తుల్లో ముగించాలి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన పాఠం తరగతిలోని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ కాదు. పీడీఎఫ్ చేసి తెచ్చుకోండి, లేదా మొదటే యూనికోడ్‌లో కొట్టండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ కలపగానే ‘నో సిగ్నల్’. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. బల్ల నుంచి ప్రొజెక్టరుకు గోడలోంచి 20 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ వేశారు.
— పీజీ విభాగం, టెక్కలి

ప్రొజెక్టరును దింపి, లేదా నిచ్చెనెక్కి, ఒకటిన్నర మీటర్ల చిన్న కేబుల్‌తో నేరుగా కలపండి. బొమ్మ వస్తే దోషం గోడలోదే. రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ ఫుల్ హెచ్‌డీకి 10 మీటర్ల దాకా నమ్మకంగా పనిచేస్తుంది, లావు తీగదైతే 15. ఇరవై అంటే అదృష్టం మీద నడుస్తున్నట్టే. ఈ పూట గడవాలంటే డిస్‌ప్లే సెట్టింగుల్లో రిజల్యూషన్ 1280 × 720కి దించండి. తీగ మీద పోయే భారం సగానికి తగ్గి, బొమ్మ నిలబడవచ్చు.

శాశ్వతంగా అయితే రెండు దారులు. ఒకటి, లోపల గాజు తంతువు ఉన్న యాక్టివ్ ఆప్టికల్ కేబుల్. దీనికి దిశ ఉంటుంది. ‘సోర్స్’ అన్న తల ల్యాప్‌టాప్ వైపు, ‘డిస్‌ప్లే’ అన్న తల ప్రొజెక్టరు వైపు. తిరగేసి లాగి గోడ మూసేస్తే మళ్లీ అంతా లాగాల్సిందే. మూలల్లో మడత పెడితే తంతువు విరుగుతుంది. రెండు, రెండు చివరలా పెట్టెలు పెట్టి మధ్యలో క్యాట్-6 తీగ వేసే హెచ్‌డీబేస్‌టీ పద్ధతి. ఇందులో క్యాట్-6 అచ్చమైన రాగిదే కావాలి. బజారులో రాగి పూత వేసిన అల్యూమినియం తీగ చవగ్గా అమ్ముతారు. బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనబడితే తిరిగిచ్చెయ్యండి.

కొత్త గది కడుతుంటే గోడలో 40 మిల్లీమీటర్ల పైపు వేయించండి. 25 దాంట్లో హెచ్‌డీఎంఐ తల మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. పైపులో ఒక నైలాన్ తాడు వదిలిపెట్టండి, రేపు ఇంకో తీగ లాగాలంటే గోడ పగలగొట్టే పని ఉండదు.

కేబుల్ మంచిదే అని తేలితే విండోస్ మీట, పీ కలిపి నొక్కి ‘డూప్లికేట్’ ఎంచండి. సన్నటి టైప్-సీ ల్యాప్‌టాపులతో జాగ్రత్త. కొన్ని టైప్-సీ రంధ్రాలు చార్జింగుకే, వాటిలోంచి బొమ్మ రాదు, అడాప్టరు మార్చినా లాభం లేదు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ ఆడియో పిన్ను పెట్టగానే స్పీకర్లలో ‘గుంయ్’ మని మోత. చార్జరు పీకితే ఆగిపోతోంది. చార్జరు ఎర్తు పిన్ను కోసేస్తే పోతుందని మా మెకానిక్ అంటున్నాడు.
— గజపతినగరం

కొయ్యనివ్వకండి. చార్జరులోనో, ప్రొజెక్టరులోనో లోపల తీగ ఊడితే ఆ కరెంటు భూమిలోకి పోవడానికి ఉన్న దారి అదొక్కటే. అది లేకపోతే ల్యాప్‌టాప్ ముట్టుకున్న మనిషిలోంచి పోతుంది.

ల్యాప్‌టాపు, యాంప్లిఫయర్ వేర్వేరు ప్లగ్గుల నుంచి వేర్వేరు దారుల్లో ఎర్తుకు కలుస్తున్నాయి. ఆ రెండిటి మధ్య ఆడియో తీగ వంతెన అయింది. ఆ వలయంలో తిరిగే 50 హెర్ట్జ్ కరెంటే మీకు వినబడే మోత. ల్యాప్‌టాపు, ప్రొజెక్టరు, యాంప్లిఫయర్ మూడింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటివ్వండి. ఇంకా మిగిలితే ఆడియో తీగ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా తగిలించండి. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది, వోల్టేజి సంబంధం తెంచి శబ్దాన్ని మాత్రం దాటిస్తుంది. మోత ‘గుంయ్’ అని కాక ‘జర్ర్’ అని ఉండి, ఫ్యాను రెగ్యులేటరు తిప్పితే మారుతోందంటే దోషం ఎర్తుది కాదు, రెగ్యులేటరుది. మైకు తీగను ఫ్యాను తీగకు దూరంగా జరపండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో వీణ పాఠం చెబుతుంటే తంబుర శ్రుతి అవతల విద్యార్థులకు వినబడటం లేదు. గమకం చివర తెగిపోతోందంటున్నారు. ఖరీదైన మైకు కొన్నా అదే తంతు.
— సంగీత అధ్యాపకురాలు, విజయనగరం

మైకుది తప్పు కాదమ్మా. మీటింగు యాప్‌లు మనుషుల మాట కోసం తయారైనవి. ఎడతెగకుండా ఒకే తీరున వచ్చే ఏ ధ్వనినైనా అవి ఫ్యాను చప్పుడే అనుకుని తుడిచేస్తాయి. మన శ్రుతి స్వభావమే ఎడతెగకపోవడం. యంత్రానికి తంబుర, టేబుల్ ఫ్యాను రెండూ ఒకటే. గమకం చివర్న నాదం మెల్లగా సన్నబడేటప్పుడు కూడా ‘మాట అయిపోయింది’ అనుకుని తలుపు మూసేస్తుంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా 1919లో సంగీత కళాశాల మొదలైన ఊళ్లో శ్రుతి లేని పాఠం చెప్పాల్సి రావడం బాధాకరమే, కానీ మందు తేలిక.

జూమ్‌లో ఆడియో సెట్టింగుల్లోకి వెళ్లి ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజిషియన్స్’ ఎంచి, పాఠం మొదలయ్యాక తెర పై మూలన ఆ మీట ఆన్‌లో ఉందో లేదో చూడండి. దాని కిందే ఉండే ‘ఎకో క్యాన్సిలేషన్’ తీసెయ్యాలంటే మీరు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, లేకపోతే విద్యార్థి గొంతు మీ స్పీకరులోంచి మళ్లీ మైకులోకి పోతుంది. గూగుల్ మీట్‌లో అయితే ఆడియో సెట్టింగుల్లో చప్పుడు తొలగించే మీట ఆపెయ్యండి.

మైకు వీణ కుండకు అడుగు, అడుగున్నర దూరంలో, మీ కుడి చేతి వేళ్లకూ గుర్రానికీ మధ్య భాగం వైపు చూస్తూ ఉండాలి. మరీ దగ్గరైతే గోటి చప్పుడే ఎక్కువ వస్తుంది. ఏకాండి బొబ్బిలి వీణకు ఒకే పనస దుంగ నుంచి వచ్చే నాదం కుండ ముందు గాలిలో కాస్త కలిశాకే నిండుగా ఉంటుంది. కండెన్సర్ మైకైతే మైకు తీగలోంచే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇచ్చే ఆడియో ఇంటర్‌ఫేసు, అంటే మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె, కావాలి. ఎలక్ట్రానిక్ తంబురను మైకు వెనక పెట్టకుండా దాని ఔట్‌పుట్ నేరుగా ఇంటర్‌ఫేసు రెండో చానల్లోకి తీసుకుని, దాని వాల్యూమ్ వీణ కన్నా బాగా తక్కువగా ఉంచండి.

కలిసి వాయించడం మాత్రం ఆన్‌లైన్‌లో కుదరదు. నెట్‌లో మాట చేరడానికి సెకనులో పదో వంతు, ఇంకా ఎక్కువ పడుతుంది. తాళం ఆగదు కదా. మీరు వాయించి ఆపాక విద్యార్థి వాయించాలి.

ప్రశ్న: పాఠాలు రికార్డు చేస్తున్నాం. మధ్యలో కరెంటు పోతే అప్పటిదాకా తీసిన ఫైలంతా తెరుచుకోవడం లేదు.
— పలాస

ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే అందులో రికార్డింగ్ ఫార్మాట్ ఎంపీ4 కాకుండా ఎంకేవీకి మార్చండి. మామూలు ఎంపీ4 తన విషయసూచికను ఆఖరున రాసుకుంటుంది. ఆఖరు రాకముందే కరెంటు పోతే సూచిక లేని పుస్తకమే. ఎంకేవీ ఎక్కడ ఆగినా అక్కడిదాకా తెరుచుకుంటుంది. తర్వాత ఫైల్ మెనూలో ‘రీమక్స్’ నొక్కితే నిమిషంలో ఎంపీ4 అవుతుంది, నాణ్యత తగ్గదు. స్లయిడ్ల పాఠానికి సెకనుకు 2.5 మెగాబిట్లు చాలు, గంటకు 1.1 జీబీ. కెమెరా షట్టరు 50లో వంతు లేదా 100లో వంతు పెడితే ట్యూబులైటు చారలు రావు. మాట స్థాయి మీటరులో మైనస్ 12 దగ్గర ఆడాలి, ఎరుపు తాకకూడదు. కంప్యూటరుకు ఒక 600 వీఏ యూపీఎస్ పెట్టండి.

ప్రశ్న: తెర మీద నక్షత్రాల్లా తెల్ల చుక్కలు, వారం వారం పెరుగుతున్నాయి.
— నెల్లిమర్ల

మీది డీఎల్‌పీ ప్రొజెక్టరు. అందులోని చిప్ మీద లక్షల సూక్ష్మ అద్దాలుంటాయి. కొన్ని వెలుగు వైపే బిగుసుకుపోయాయి. తుడిస్తే పోవు, చిప్ మార్చాలి. వేడి దీనికి పెద్ద శత్రువు. సుద్దపొడితో గాలి జాలీ మూసుకుపోయిన ప్రొజెక్టర్లలో ఇది తొందరగా వస్తుంది. నెలకోసారి జాలీని మెత్తటి బ్రష్షుతో దులపండి. మాన్యువల్‌లో ఉంటేనే నీళ్లతో కడగండి.

ప్రశ్న: మాది తీరానికి దగ్గర. రెండేళ్లకే మైకు జాక్‌లు పచ్చబడుతున్నాయి. పిడుగులకు ప్రొజెక్టరు పోర్టులు పోతున్నాయి. తిత్లీ లాంటి తుపాను మళ్లీ వస్తే సామాను ఎలా కాపాడుకోవాలి?
— జూనియర్ కళాశాల గ్రంథాలయ సిబ్బంది, సోంపేట

పచ్చదనం ఉప్పుగాలి పని. మూడు నెలలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు గుడ్డతో పిన్నులు తుడిచి, రెండు మూడుసార్లు పెట్టి తియ్యండి. మైకులు దాచే పెట్టెలో సిలికాజెల్ సంచులు వెయ్యండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే తేమ నిండిపోయినట్టు, మార్చాలి.

పిడుగు నేరుగా పడక్కర్లేదు. దగ్గర్లో పడ్డా పొడవాటి రాగి తీగల్లో వోల్టేజి పుట్టి, రెండు చివరల ఉన్న పోర్టుల్ని కాల్చేస్తుంది. అందుకే కరెంటు ప్లగ్గు ఒక్కటే పీకితే చాలదు, హెచ్‌డీఎంఐ, నెట్‌వర్కు తీగలు కూడా పీకాలి. ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు రాగి తీగ బదులు ఆప్టికల్ ఫైబర్ వెయ్యండి, గాజులో కరెంటు నడవదు. ఎర్తింగు నిరోధం 5 ఓములలోపు ఉందో లేదో వేసవిలో కొలిపించండి. ఇసుక నేలలో ఎర్తు గొయ్యి ఎండిపోతుంది, నీళ్లు పోస్తుండాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మీకు కొత్తగా చెప్పేదేముంది. హెచ్చరిక రాగానే ప్రొజెక్టరు దింపి, సిలికాజెల్‌తో కలిపి పాలిథిన్ సంచిలో కట్టి, పై అంతస్తులో లోపలి గదిలో, నేలకు మూడడుగుల ఎత్తున పెట్టండి. సిలికాజెల్ లేకుండా సంచి మూస్తే లోపలి తేమే చెమ్మగా పేరుకుంటుంది. దింపలేని ప్యానెల్ ఉంటే పై నుంచి టార్పాలిన్ కప్పి, కింద గాలి ఆడేలా వదలండి.

తుపాను వెళ్లాక ఆత్రపడి స్విచ్ వెయ్యకండి. నీళ్లలో మునిగిన సామానును అసలే వెయ్యొద్దు, మెకానిక్‌కే ఇవ్వండి. మిగతావి సంచి విప్పి ఒక రోజంతా ఫ్యాను గాలికి ఆరనివ్వండి. కరెంటు తిరిగొచ్చిన మొదటి రోజు వోల్టేజి పైకీ కిందికీ ఊగుతుంది. మల్టీమీటరు ప్లగ్గులో పెట్టి చూడండి. అరగంట పాటు 207, 253 మధ్య నిలకడగా ఉంటే ముందు కంప్యూటరు, తర్వాత మిక్సరు, అన్నిటికన్నా ఆఖరున యాంప్లిఫయర్ వెయ్యండి. ఆపేటప్పుడు యాంప్లిఫయరే మొదట.